జైలు నుంచి వచ్చిన ఉత్తరాన్ని పిటిషన్‌గా చదివిన జడ్జి

1979లో తిహార్ జైలు నుంచి సుప్రీంకోర్టుకు ఒక ఉత్తరం వచ్చింది. రాసింది మరణశిక్ష పడిన సునీల్ బాత్రా. తన గోడు చెప్పుకోవడానికి కాదు. చూడటానికి వచ్చే బంధువుల దగ్గర డబ్బు గుంజడం కోసం ఒక వార్డరు తోటి ఖైదీని హింసించాడని చెప్పడానికి. కోర్టు ఆ ఉత్తరాన్నే హెబియస్ కార్పస్ పిటిషన్‌గా తీసుకుంది. డిసెంబర్‌లో తీర్పు రాసినవారు జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్.

జైలంటే ఏమిటో ఆయనకు ఒకరు చెప్పనక్కర్లేదు. 1915లో పుట్టిన ఈ పాలక్కాడ్ మనిషి, తలశ్శేరిలో వకీలుగా ఉన్నప్పుడు కమ్యూనిస్టులకు న్యాయసహాయం చేశారన్న ఆరోపణపై 1948లో నెల రోజులు లోపల ఉన్నారు. 1957లో ఇ.ఎం.ఎస్. మంత్రివర్గంలో హోం, న్యాయశాఖలతో పాటు జైళ్ల శాఖ కూడా ఆయనకే వచ్చింది. 1968లో కేరళ హైకోర్టుకు, 1973లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఇందిరాగాంధీ ఎన్నిక కేసులో ఇచ్చిన షరతులతో కూడిన స్టే వల్లే చాలామందికి ఆయన పేరు గుర్తు.

అంతగా గుర్తులేనిది 1973 నాటి నివేదిక. కేంద్రం వేసిన న్యాయసహాయ కమిటీకి అధ్యక్షుడిగా, లా కాలేజీల్లో న్యాయసహాయ కేంద్రాలు పెట్టాలని, విద్యార్థులను ఈ పనిలోకి తేవాలని అందులో సిఫార్సు చేశారు. ఆ ఆలోచన తర్వాత 1987 నాటి న్యాయసేవల చట్టంలోకి ఎక్కింది. అది ఎందుకు అవసరమో 1978 నాటి హోస్కాట్ కేసు చూస్తే తెలుస్తుంది. తీర్పు నకలు చేతికందకపోతే ఖైదీకి అప్పీలు హక్కు ఉన్నా లేనట్టే. నకలు ఉచితంగా ఇవ్వాలని, వకీలును పెట్టుకోలేని ఖైదీకి ప్రభుత్వమే ఏర్పాటు చేయాలని ఆయన తేల్చారు. కానీ కటకటాల వెనక ఉన్నవాడి తరఫున కాగితాలు వెతికేదెవరు?

తెలుగువాళ్లకు ఆయనతో ఇంకో లెక్క ఉంది. 1974లో ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఈడిగ అనమ్మ ఉరిని యావజ్జీవంగా మార్చింది ఆయనే. ఆమె వయసు, చిన్న కొడుకు, ఉరినీడలో గడిపిన కాలం అన్నీ తూచారు. మరుసటి ఏడాది ఆదిలాబాద్ రైతులు భూమయ్య, కిష్టాగౌడ్‌ల పిటిషన్ కూడా ఆయన ముందుకే వచ్చింది. క్షమాభిక్ష రాష్ట్రపతి పరిధిలోదంటూ కోర్టు కొట్టేసింది. 1975 డిసెంబర్ 1న, ఎమర్జెన్సీ నడుస్తుండగా, ఇద్దరినీ ఉరితీశారు. ఉరిశిక్షను అంతగా వ్యతిరేకించిన జడ్జిని మెచ్చుకునేటప్పుడు మనం ఈ కేసును దాటేయలేం.

2014 డిసెంబర్‌లో, 99వ ఏట ఆయన కన్నుమూశారు. ఆయన ఇంగ్లీషు, నిఘంటువు పక్కన పెట్టుకుంటే తప్ప కొరుకుడు పడదు. అలాంటి ఇంగ్లీషులోనే రాసిన 1979 తీర్పులో, జైళ్లలో ఫిర్యాదుల పెట్టెలు పెట్టాలని, వకీళ్లను లోపలికి రానివ్వాలని చెప్పాక, మరో ఆదేశం ఇచ్చారు: ఖైదీల హక్కులు చెప్పే చిన్న పుస్తకం ఒకటి హిందీలో తయారుచేసి వాళ్లకు పంచాలి.