నీడకు అక్షరమిచ్చిన సోమన

పాల్కురికి సోమనాథుడు పదమూడవ శతాబ్దివాడని పండితులలో పలువురి మతము. అతని కాలము గురించిన వాదములు నేటికీ తెగలేదు. తల్లి శ్రియాదేవి, తండ్రి విష్ణురామిదేవుడు. జన్మస్థలము నేటి జనగామ జిల్లాలోని పాలకుర్తి అని అనేకులు, కన్నడ సీమలోని హాల్కురికె అని కొందరు అంటారు. తెలుగు, కన్నడ, సంస్కృతములలో సమానముగా ఆరితేరిన ఈ వీరశైవ కవిని ఉభయ భాషలవారూ తమవాడనుకొనుటలో వింత లేదు. తెలుగు, కన్నడ, తమిళములు కలిసి వినవచ్చే పలమనేరు వంటి సరిహద్దు సీమవారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

నన్నయ చంపూ మార్గము పండితులను అలరించుచుండగా, సోమన సామాన్యులు పాడుకొనదగిన ద్విపదను చేపట్టినాడు. బసవేశ్వరుని జీవితమును బసవపురాణముగా రచించినాడు. దానిని 1369లో భీమకవి కన్నడములోనికి తెచ్చినాడు. పిదప మల్లికార్జున పండితారాధ్యుని గాథను పండితారాధ్య చరిత్రగా సంతరించినాడు.

ఈ రెండవ గ్రంథములోని పర్వత ప్రకరణమున శ్రీశైల శివరాత్రి జాతర కన్నులకు కట్టును. అచ్చట సోమన చూపు గుడి గోపురము మీదనే నిలిచిపోలేదు. ఆటగాండ్రను, పాటగాండ్రను, భారతాది కథలకు తెర మరుగున బొమ్మలనాడించువారిని కూడ అతడు గమనించినాడు. తెలుగునాట తోలుబొమ్మలాటకు ఇది తొలి సాక్ష్యములలో ఒకటియని చరిత్రకారులు గ్రహించినారు.

ఆ కళ తీరు తెలిసినకొలది ఈ సాక్ష్యము విలువ పెరుగును. చర్మమును కాంతి చొరబారునంత పలుచగా గీకి, రంగులద్ది, అవయవములను విడివిడిగా కూర్చుదురు. తెల్లని తెరకు వెనుక ఆముదపు దీపములు వెలుగును. బొమ్మను తెరకు ఆనించిన నీడ స్పష్టమగును. దూరము జరిపిన పెద్దదై మసకబారును. ప్రేక్షకులున్న వైపు చీకటి ఉండవలెను. తెల్లవార్లూ విద్యుద్దీపములు వెలిగే నేటి పట్టణపు వీధులలో ఆ నీడ వెలవెలపోవుటకు కారణమిదే.

దీపమారినచో నీడ జాడయైనా మిగలదు.  రాజుల దానములను రాళ్లు చెప్పును. వీధి ఆటను చెప్పుటకు కవి కావలెను. ఆ పని సోమన చేసినాడు. తుమ్మెద పదములు, గొబ్బి పదములు, వెన్నెల పదములు మొదలగు జానపద గేయముల పేర్లను సైతము తన కావ్యమున చేర్చినాడు.

సోమన కర్ణాటకలోని కల్యయను ఊర శివైక్యము చెందినాడని సంప్రదాయము. అతడు చూచిన కళ మాత్రము అంతరింపలేదు. ధర్మవరము చెంతనున్న నిమ్మలకుంట కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ప్రకటించినారు. తెర వెనుకనే నిలిచిన వృత్తికి ఆ గౌరవము లభించుటకు శతాబ్దములు పట్టినది. శ్రీశైలపు జాతరలో సోమన ఆ వృత్తిని తన ద్విపదలో ఎన్నడో గౌరవించియున్నాడు.