మూడు గోలీల వెనక మనిషి

సావనీరుకు ఏదైనా రాయమని కమిటీ మిత్రులు అడిగితే హాస్టలు కబుర్లు, క్రికెట్ మ్యాచ్‌లు మిగతావాళ్లు ఎలాగూ రాస్తారనిపించింది. నేను మన బడి గంట కొట్టే తాతతో మొదలుపెడతాను. 1980లలో చదివిన వాళ్లందరికీ ఆయన గుర్తుండే ఉంటాడు. కుడికాలు మోకాలి కింద నుంచి పాదం దాకా బోదకాలు. చెప్పు పట్టదు. వరండా ఆ చివర నుంచి ఆ కాలు ఈడ్చుకుంటూ వచ్చి, ఒక్క నిమిషం తేడా లేకుండా గంట కొట్టేవాడు. మేము ఆయనకు చాటుగా పెట్టిన పేరు ఇక్కడ రాయను. మా బ్యాచ్ వాళ్లకు తెలుసు, అది చాలు.

ఎనిమిదో తరగతిలో ఉండగా ఒకరోజు రాత్రి పది దాటాక ఫైలేరియా సిబ్బంది మా వాడకు వచ్చారు. నిద్ర లేపి, వేలికి సూది గుచ్చి, గాజుపలక మీద రక్తపు చుక్క తీసుకున్నారు. పట్టపగలు రాలేరా అని మా నాయన కోప్పడ్డాడు. తెల్లారి సైన్సు సారు అసలు సంగతి చెప్పారు. ఆ పురుగు పిల్లలు పగలంతా ఊపిరితిత్తుల సన్నని నాళాల్లో ఉండి, దోమ కుట్టే వేళకు చర్మం దగ్గరి రక్తంలోకి వస్తాయట. పగలు చూస్తే దొరకవు. దానికి వాడే గోలీని కనిపెట్టించినాయన తెలుగువాడే, పేరు యల్లాప్రగడ సుబ్బారావు అని కూడా చెప్పారు. పరీక్షలో వచ్చేది కాదు కాబట్టి మరిచిపోయాను.

ఆ పేరు మళ్లీ గుర్తొచ్చింది సొంత నొప్పి వల్ల. నేను పాత ఆదిలాబాద్ జిల్లాలో, మంచిర్యాల పక్కన ఉద్యోగం చేస్తున్నప్పుడు ముగ్గురం కలిసి ఒక వాల్వు లీకేజీకి చిన్న ఉపాయం కనిపెట్టాం. పేటెంటు దరఖాస్తు వెళ్లేసరికి దాని మీద పైవాళ్ల పేర్లు రెండున్నాయి, మా పేర్లు లేవు. ఆ కోపంలో పేటెంట్ల రికార్డులు వెతకడం అలవాటైంది. ఒకరోజు సైన్సు సారు మాట గుర్తొచ్చి బోదకాలు మందు పేటెంటు తీశాను. హెట్రాజాన్ అనే పేరుతో వచ్చిన డైఇథైల్‌కార్బమజీన్ అది. 1949 నాటి ఆ కాగితం మీద కుష్నర్, బ్రాంకోన్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తల పేర్లున్నాయి, హక్కుదారు అమెరికన్ సయనమిడ్ కంపెనీ. సుబ్బారావు పేరు లేదు. అప్పటి నుంచి ఆయన గురించి దొరికిందల్లా చదివాను.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. రాజమండ్రిలో పెరిగారు. మెట్రిక్ మూడోసారికి మద్రాసు హిందూ హైస్కూల్లో గట్టెక్కారు. (ఈ సావనీరు చదివే టీచర్లు ఈ వాక్యం మీద ఒక్క క్షణం ఆగాలని నా మనవి.) రామకృష్ణ మఠంలో చేరి సన్యాసం పుచ్చుకోవాలని ఉండేది. మఠం వాళ్లే వైద్యం చదవమని పంపారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఉండగా గాంధీగారి పిలుపు వచ్చింది. సుబ్బారావు ఖద్దరు కట్టారు, ఆపరేషన్ గదికి కూడా ఖద్దరు గౌనుతోనే వెళ్లారు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కు అది నచ్చలేదు. రాతపరీక్షలు బాగా రాసినా చేతికొచ్చింది ఎం.బి.బి.ఎస్. కాదు, దానికన్నా తక్కువదైన ఎల్.ఎం.ఎస్. సర్కారు వైద్యసేవలో చోటు దొరక్క, డాక్టర్ ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కాలేజీలో పాఠాలు చెప్పారు. ఆయన చేసిన రాజకీయం ఆ ఒక్క గౌనే, కానీ దాని ఖర్చు జీవితాంతం కట్టారు.

లక్ష్మీపతిగారితో వేరే బంధం కూడా ఉంది. స్ప్రూ అనే పేగుల జబ్బు ఆ ఇంట్లో పడింది. సోదరుడు పురుషోత్తం దానితోనే పోయాడు. సుబ్బారావు కూడా మంచం పట్టి, లక్ష్మీపతిగారి మందుతో లేచారు. ఆ జబ్బు ఏమిటో తేల్చాలన్న పట్టుదల అక్కడిది.

1922 అక్టోబరులో బోస్టన్‌లో దిగారు. మామగారి సొమ్ము, కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం ఆధారం. భార్య శేషగిరిని మూడేళ్లలో వస్తానని వదిలి వెళ్లారు. మళ్లీ ఆమెను చూడలేదు. పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. ఆయన మీద ఎంత గౌరవమున్నా నాకు మింగుడుపడనిది ఇదొక్కటే. జీవితచరిత్రల్లో ఆమెకు దక్కేది రెండు మూడు వాక్యాలు. నేనూ అంతకన్నా రాయలేకపోతున్నాను.

ఎల్.ఎం.ఎస్. డిగ్రీతో అక్కడ డాక్టరుగా పని దొరకలేదు. ఆస్పత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పాత్రలు కడుగుతూ, పగలు హార్వర్డ్‌లో చదివారు. సైరస్ ఫిస్క్ అనే ఆచార్యుడి ప్రయోగశాలలో చేరి, 1925లో రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి రూపొందించారు. మాలిబ్డేట్ కలిపితే నీలిరంగు వస్తుంది. రంగు ఎంత ముదిరితే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. ఇంజనీరుగా నాకు ఇక్కడ ఒళ్లు పులకరించింది. బాయిలర్ నీళ్లలో ఫాస్ఫేట్ ఎంతుందో చూడటానికి మా ల్యాబులో రోజూ తీసే నీలిరంగు ఆ పద్ధతికి దగ్గరి చుట్టమే. ఇరవై ఏళ్లు ఆ రీడింగు కింద సంతకం పెట్టాను, అది ఎవరి బాటో తెలియకుండా.

ఆ కొలత చేతిలో ఉండటం వల్లే 1927లో కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ పట్టుబడ్డాయి. ఏటీపీ అంటే మనం చెయ్యి ఎత్తినా, కన్ను ఆర్పినా ఖర్చయ్యే చిల్లర డబ్బు లాంటిది. అదే ఏడు జర్మనీలో లోమన్ కూడా దాన్ని కనుక్కున్నాడు. పాఠ్యపుస్తకాల్లో ఎక్కువగా ఆయన పేరే నిలిచింది. 1930లో సుబ్బారావుకు పీహెచ్‌డీ వచ్చింది. హార్వర్డ్‌లో తగిన పదవి మాత్రం రాలేదు.

1940లో న్యూయార్క్ దగ్గర పెర్ల్ రివర్‌లోని లెడర్లే ప్రయోగశాలలకు వెళ్లారు, త్వరలోనే పరిశోధన డైరెక్టరయ్యారు. ఆయన జీవితంలో పంటకాలం ఆ ఎనిమిదేళ్లు. 1945లో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసింది. సోదరుణ్ని తీసుకుపోయిన స్ప్రూకు ఉపయోగపడే విటమిన్ అది. ఈరోజు మన ఊళ్లలో గర్భిణులకు ఐరన్ గోలీతో కలిపి ఇచ్చేదీ అదే. దాని నిర్మాణాన్ని కాస్త మార్చి అమినోప్టెరిన్ చేశారు. దానితో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ పిల్లలకు కొన్నాళ్లయినా ఊరట తెచ్చి, 1948 జూన్‌లో ఫలితాలు ప్రకటించారు. ఇప్పటి మెథోట్రెక్సేట్ దాని తమ్ముడే. కీళ్లవాతం ఉన్న మన బ్యాచ్‌మేట్లు కొందరు వారానికోసారి వేసుకుంటున్నారు.

బోదకాలు మందు వెనక యుద్ధం ఉంది. పసిఫిక్ దీవుల్లో అమెరికా సైనికులకు ఫైలేరియా సోకడంతో మందు కావాల్సొచ్చింది. లెడర్లేలో ఎన్నో పదార్థాలను పరీక్షించి 1947లో హెట్రాజాన్ ప్రకటించారు. ఆ పరిశోధన పత్రంలో సుబ్బారావు పేరు చివర ఉంది. మరుసటేడు జులైలో, మట్టిలోని సూక్ష్మజీవి నుంచి తీసిన ఆరియోమైసిన్ బయటికొచ్చింది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిది. దాని పేటెంటు మీద బెంజమిన్ డుగ్గర్ పేరుంది. ఉట్నూరు, ఆసిఫాబాద్ అడవుల్లో పనిచేసి జ్వరంతో డాక్సీసైక్లిన్ మింగిన మా సహోద్యోగులు తిన్నది ఆ వంశపు మందే.

పేటెంటు మీద పేరు లేకపోవడం మోసమేనా? మొదట అలాగే అనుకున్నాను, నా కోపం కొద్దీ. తర్వాత అక్కడి చట్టం చదివితే వేరుగా కనబడింది. అప్పట్లో అమెరికాలో పేటెంటు అడగాల్సింది ఆ పదార్థాన్ని స్వయంగా రూపొందించినవాడే, దాన్ని కంపెనీకి రాసిచ్చేవాడు. దారి చూపిన డైరెక్టరుకు అందులో చోటుండాలని లేదు. కుష్నర్, బ్రాంకోన్, డుగ్గర్ పనిచేసినవాళ్లే. తన కింద పనిచేసిన వాళ్ల పేర్లు ముందుండనిచ్చిన మనిషి సుబ్బారావు. మా కాగితంలో జరిగింది సరిగ్గా దానికి తలకిందులు. అది తెలిశాక నా కోపం తగ్గలేదు గానీ, దాన్ని ఎవరి మీద పెట్టుకోవాలో తెలిసింది.

పేటెంటు కాగితం ఉన్న చోట మందు ధర కూడా ఉంటుంది. 1950ల చివర అమెరికా సెనెట్‌లో కెఫావర్ కమిటీ మందుల ధరలు చూసి, ప్రపంచంలో అతి ఎక్కువ ధరలున్న దేశాల్లో భారత్ ఒకటని తేల్చింది. మనకప్పుడు ఉన్నది 1911 నాటి బ్రిటిష్ చట్టం. 1959లో జస్టిస్ అయ్యంగార్ నివేదిక వచ్చింది. 1970లో కొత్త చట్టం చేసి 1972 నుంచి అమలుచేశారు. మందుకు కాక తయారీ పద్ధతికే పేటెంటు, అదీ ఏడేళ్లకు మించకుండా. హైదరాబాద్ బాలానగర్ చుట్టూ మందుల కంపెనీలు పెరగడానికి ఐడీపీఎల్‌తో పాటు ఆ చట్టమూ కారణం. అయితే హెట్రాజాన్ అమెరికా పేటెంటు గడువు అప్పటికే తీరిపోయింది కాబట్టి, ఆ గోలీ మనకు చౌకగా దొరకడం ఆ చట్టం పుణ్యమే అని నేననను.

సుబ్బారావు ఇదేదీ చూడలేదు. 1946లో అమెరికా చట్టం మారి భారతీయులకు పౌరసత్వం తీసుకునే వీలు కలిగినా, ఆయన ఆ దేశ పౌరుడు కాకుండానే 1948 ఆగస్టులో నిద్రలోనే కన్నుమూశారు. వయసు 53. మన తపాలాశాఖ 1995లో స్టాంపు వేసింది. దాన్ని ఫ్రేము కట్టించి మన బడి సైన్సు ల్యాబుకు ఇద్దామని ఉంది, హెడ్మాస్టరుగారు మేకు చూపిస్తే చాలు.

ఫైలేరియా ఎక్కువగా ఉన్న జిల్లాల్లో కరీంనగర్ ఒకటి. అందుకే 2004 తర్వాత ఇంటింటికీ తిరిగి మందు మింగించే కార్యక్రమం మనకూ వచ్చింది. పదిహేనేళ్లు దాటినవాళ్లకు వంద మిల్లీగ్రాముల గోలీలు మూడు, తోడుగా నులిపురుగుల గోలీ ఒకటి. వచ్చినవాళ్ల ఎదుటే మింగాలి. నాకేం జబ్బు లేదు కదా అని చాలామంది పక్కన పడేస్తారు. మొదట్లో నేనూ పడేశాను. ఈ గోలీ వాచిన కాలును తగ్గించదు. రక్తంలోని పురుగు పిల్లల్ని చంపి, దోమ ద్వారా పక్కవాడికి పోకుండా చూస్తుంది. అంటే మన కోసం కన్నా పక్కింటి పిల్ల కోసం మింగేది.

తాతకు ఆ గోలీలు ముందే వాడారట. కాలు అలాగే ఉంది, కానీ ఆయన ఇంట్లో ఇంకెవరికీ రాలేదు. రిటైరయిన రెండేళ్లకు పోయాడని మొన్న మీటింగులో తెలిసింది. ఆయన మనవడు మన అసోసియేషన్ సభ్యుడే. ఉత్సవం రోజున మొదటి గంట అతనితో కొట్టిద్దామని కమిటీకి ఉత్తరం రాశాను. ఇంకా జవాబు రాలేదు.