హెండ్రిక్ లోరెంజ్

హెండ్రిక్ ఆంటూన్ లోరెంజ్ (జూలై 18, 1853 – ఫిబ్రవరి 4, 1928) నెదర్లాండ్స్ దేశానికి చెందిన సుప్రసిద్ధ భౌతిక శాస్త్రవేత్త. సముద్ర తీరపు పోటుపాటులను గణితంతో ముందుగా అంచనా వేసినవారిలో ప్రముఖుడు.

జీవిత విశేషాలు

లోరెంజ్ ఆర్నెమ్ పట్టణంలో జన్మించాడు. 1878లో లైడెన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు. 1902లో పీటర్ జేమాన్‌తో కలిసి నోబెల్ బహుమతి పొందాడు.

జ్యూడర్ జీ గణనలు

1916 జనవరిలో ఉప్పెన జ్యూడర్ జీ అఖాతపు తీరాన్ని ముంచెత్తింది. అఖాతాన్ని ఆనకట్టతో మూసివేయడానికి 1918లో చట్టం చేశారు. అయితే మూసిన తరువాత వెలుపలి తీరంలో నీరు ఎంత ఎత్తుకు లేస్తుందో తేలవలసి ఉంది. లెక్క తప్పితే పాత కరకట్టలు చాలక ఊళ్ళు మునుగుతాయి. దీనిని పరిశీలించే సంఘానికి లోరెంజ్ అధ్యక్షత వహించాడు.

పోటు ఒక దీర్ఘ తరంగం. దాని నీటి దారులను ఆయన కాలువల అల్లికగా భావించి, అడుగు ఘర్షణను సరళ రూపంలోకి మార్చి సమీకరణాలను సాధించాడు. ఈ పద్ధతిని మొదట అప్పటి పోటుపాటులతో సరిచూసి, తరువాతనే ఆనకట్టకు వర్తింపజేశాడు. కంప్యూటర్లు లేని ఆ కాలంలో ఇది ఎంతో శ్రమతో కూడిన పని. సంఘం నివేదిక 1926లో వెలువడింది.

ఫలితం

సుమారు 32 కిలోమీటర్ల ఆనకట్ట 1932లో పూర్తయింది. అప్పటికి లోరెంజ్ జీవించి లేడు. తరువాతి కొలతలు ఆయన అంచనాలకు చాలా దగ్గరగా వచ్చాయి. ఆనకట్టపై కోర్న్‌వెర్డర్‌జాండ్ వద్దనున్న ఓడల లాకులకు ఆయన పేరు పెట్టారు. తెలిసిన స్థితితో ముందు సరిచూసుకొనే ఆ క్రమమే నేటి కంప్యూటర్ నమూనాలకూ ఆధారం.