పీల్చే గాలిని పరీక్షించిన హాల్డేన్

వంశధారా తీరాన గల మన శ్రీముఖలింగమే ప్రాచీన కళింగనగరమని చరిత్రకారుల అభిప్రాయం. ఇక్కడి నుండి ఏలిన గాంగ ప్రభువులు తరువాత కటకానికి తరలిపోయారు. ఆ కళింగదేశంలోనే, భువనేశ్వర్‌లో, తన చివరి రోజులు గడిపిన జె.బి.ఎస్. హాల్డేన్‌ను జన్యుశాస్త్రజ్ఞునిగా మనం ఎరుగుదుము. సముద్రగర్భంలోనికి దిగే ఈతగాండ్రు సైతం ఆయనకు ఋణపడి ఉన్నారన్న సంగతి అంతగా ప్రచారంలో లేదు.

ఆయన 1892 నవంబరు 5వ తేదీన ఆక్స్‌ఫర్డ్‌లో జన్మించారు. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ గనులలోని విషవాయువులను పరిశోధించిన శాస్త్రవేత్త. ఒకనాడు గనిలో ఆయన కుమారుని నిలుచుండబెట్టి షేక్‌స్పియర్ నాటకంలోని ఒక ప్రసంగాన్ని వల్లించమన్నారు. కొంతసేపటికే బాలుడు కూలిపోయాడు. నేలమీద పడగానే మరల ఊపిరి ఆడింది. గనిలో వెలువడే మీథేన్ వాయువు తేలికైనది గనుక పైకప్పు వద్ద పేరుకొంటుందని ఆ బాలునికి ఒంటికే తెలిసివచ్చింది! కన్నకొడుకుకు ఇట్టి పాఠం చెప్పే తండ్రులు అరుదు.

1939 జూన్ 1వ తేదీన థెటిస్ అనే బ్రిటిష్ జలాంతర్గామి లివర్‌పూల్ సమీపాన మునిగి 99 మంది మరణించారు. కారణం తెలిసికొనుటకు హాల్డేన్ తానే ఉక్కు గదిలో కూర్చుండి, బొగ్గుపులుసు గాలి పెరుగుతున్న వాతావరణాన్ని గంటల తరబడి పీల్చారు. అటుపిమ్మట అధిక పీడనంలో ప్రాణవాయువును పరీక్షించారు. ఆ ప్రయోగాలలో ఒకసారి మూర్ఛ వచ్చి ఆయన వెన్నుపూసలు నలిగిపోయాయి. మరొక సందర్భంలో కర్ణభేరి చిల్లుపడింది.

ప్రాణవాయువు సైతం పీడనం మితిమీరితే విషమే. పది మీటర్ల లోతుకొక వాతావరణం చొప్పున పీడనం పెరుగుతుంది. ప్రాణవాయువు వాటా పీడనం 1.4 దాటరాదని నేటి నియమం. ఆ లెక్కన నూటికి 32 పాళ్ళు ప్రాణవాయువు గల మిశ్రమంతో సుమారు 33 మీటర్లకు మించి దిగరాదు. అందుచేత ఈతగాడు సిలిండరు నింపినవాని మాటను నమ్మి ఊరుకొనడు. పరీక్షా యంత్రాన్ని మొదట మామూలు గాలిలో 20.9కి సరిచూచుకొని, ఆపై సిలిండరులోని వాయువును తానే కొలిచి, ఆ అంకెను, దిగదగిన గరిష్ఠ లోతును సిలిండరుపై వ్రాసికొంటాడు. రంగు, వాసన లేని కార్బన్ మోనాక్సైడు కలిసినదేమో చూచుటకు వేరే పరికరం కావలె. ముక్కును నమ్మి లాభం లేదు.

హాల్డేన్ 1957లో భారతదేశానికి వచ్చి, కలకత్తాలోని భారతీయ గణాంక సంస్థలో చేరారు. 1961లో ఈ దేశ పౌరసత్వం స్వీకరించి, మరుసటి యేడు భువనేశ్వర్‌కు మారారు. 1964 డిసెంబరు 1వ తేదీన అక్కడే కన్నుమూశారు. జీవితమంతా తన శరీరాన్నే ప్రయోగశాలగా చేసికొన్న ఆ మనిషి దేహం, ఆయన కోరిక ననుసరించి, వైద్య విద్యార్థుల అధ్యయనం కొరకు కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాలకు చేరింది.