డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు - గడ్డిచేను మట్టిలో మందు

మన ముక్కులోనూ గొంతులోనూ సూక్ష్మజీవులు ఎప్పుడూ కాపురం ఉంటాయి. వందలో ముప్ఫైమంది దాకా ముక్కులో స్టెఫైలోకాకస్ ఆరియస్‌ను మోస్తుంటారు. న్యుమోనియా తెచ్చే న్యూమోకాకస్ చిన్నపిల్లల గొంతుల్లో మరీ ఎక్కువ. మోసేవాడికి మామూలుగా ఏమీ కాదు. ఫ్లూ జ్వరమో తట్టో వచ్చి ఒళ్లు నీరసించిందా, అవే ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి. లేదా దగ్గు తుంపరలతో పక్కనున్న పసిబిడ్డకో ముసలమ్మకో అంటుకుంటాయి. 1930లలో సల్ఫా మందులు వచ్చేదాకా డాక్టర్లు చేయగలిగింది తక్కువే.

అలాంటి కాలంలో, 1895 జనవరి 12న, సుబ్బారావుగారు భీమవరంలో పుట్టారు. మెట్రిక్ మూడోసారికి గాని గట్టెక్కలేదు. అన్నదమ్ములిద్దరు జబ్బుచేసి ఒకరి వెనక ఒకరు పోయారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు గౌను తొడుక్కున్నారని తెల్లదొర ప్రొఫెసరుకి కోపం వచ్చింది, చివరికి ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. చేతిలో పెట్టారు. 1923లో మామగారి సాయం తీసుకుని బోస్టన్ చేరారు. అక్కడ ఆస్పత్రిలో రాత్రిళ్లు రోగుల మలమూత్రాల పాత్రలు కడిగి పొట్టపోసుకున్నారు. ఇక్కడ భార్య శేషగిరమ్మగారు ఎదురుచూస్తూనే ఉండిపోయారు. పుట్టిన కొడుకు పసికందుగానే పోయాడు, తండ్రి కళ్ల చూడనేలేదు. ఆయన మళ్లీ ఇంటిముఖం చూడలేదు. ఎంత గొప్పవారైనా ఈ ఒక్క విషయంలో ఆయన్ని వెనకేసుకు రావడం నాకు కష్టమే.

హార్వర్డులో ఫిస్క్‌తో కలిసి రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టారు. 1940లో లెడర్లీ కంపెనీలో చేరారు. ఫోలిక్ ఆమ్లం, రక్త క్యాన్సర్‌కు అమినోప్టెరిన్, బోదకాలుకు హెట్రజాన్ - ఇవన్నీ ఆయన బృందం పనే. మన రెండు జిల్లాల్లో బోదకాలు రాకుండా ఇంటింటికీ పంచిన డీఈసీ మాత్ర ఆ హెట్రజానే.

ఇక అసలు సంగతి. పెనిసిలిన్ మంచి మందే గాని, దానికి లొంగని సూక్ష్మజీవులు చాలానే ఉన్నాయి. వాటికోసం సుబ్బారావుగారి విభాగంలో డగ్గర్ అనే వృద్ధ వృక్షశాస్త్రవేత్త ఊరూరి నుంచీ మట్టి తెప్పించి వెతికాడు. 1945లో మిస్సోరీ విశ్వవిద్యాలయం ప్రయోగక్షేత్రంలోని ఒక గడ్డిమడి మట్టి నుంచి బంగారురంగు సూక్ష్మజీవి ఒకటి బయటపడింది. ఎరువన్నది ఎరగని మడి అది! మన రైతులైతే పనికిరాని నేల అనేద్దురు. దాన్నుంచి తీసిందే ఆరియోమైసిన్. టెట్రాసైక్లిన్ జాతి మందుల్లో అదే మొదటిది. బ్యాక్టీరియా లోపల ప్రోటీన్ల తయారీని ఆపేస్తుంది. అప్పట్లో ముక్కూ గొంతుల్లోని రకాలు చాలావరకు దీనికి లొంగాయి.

1948 జూలైలో ఆ మందును లోకానికి ప్రకటించారు. ఆగస్టులో సుబ్బారావుగారు నిద్రలోనే కన్నుమూశారు. 53 ఏళ్లు.

1950లో అదే కంపెనీవాళ్లు ఆరియోమైసిన్‌ని దాణాలో కలిపితే కోళ్లు త్వరగా ఎదుగుతాయని చెప్పారు. అంతే, మనుషుల మందు కోళ్ల మేత అయిపోయింది. ఈనాడు న్యూమోకాకస్‌లో చాలా రకాలు టెట్రాసైక్లిన్‌కి చావవు. ఆ తట్టుకునే జన్యువును గొంతులో ఒక సూక్ష్మజీవి పక్కదానికి అందించగలదు. జలుబు చేసిందని షాపుకెళితే ఇప్పటికీ నాలుగు యాంటీబయాటిక్ గొట్టాలు కాగితంలో చుట్టి ఇస్తారు. జలుబు తెచ్చేది వైరస్, దానికి ఆ మందు తగలనే తగలదు. తగిలేది గొంతులో ఊరికే ఉన్నవాటికి. అందులో లొంగేవి చస్తాయి, లొంగనివి అక్కడే పిల్లలు పెడతాయి.