వంగ రంగస్థల నటి వినోదిని

కలకత్తా నగరపు వృత్తి నాటకశాలలు స్త్రీ పాత్రలకు స్త్రీలనే నియమింపసాగినది 1873వ సంవత్సరమున. మైకేల్ మధుసూదన దత్తకవి ఆ సలహా నొసగగా బెంగాల్ థియేటరువారు నలుగురు నటీమణులను చేర్చుకొనిరి. వితంతు వివాహములకై లోకనిందను భరించిన ఈశ్వరచంద్ర విద్యాసాగరు డంతటివాడు దీనిని సహింపజాలక ఆ సంఘమునుండి తొలగెను. ఆ నటీమణులు వేశ్యావాటికలనుండి వచ్చినవారగుటయే కారణము. మన ఆంధ్రదేశమున, సురభివారి మాట విడిచినచో, ఆ తరువాత ఏబదేండ్లకును పురుషులే సత్యభామలై మెప్పించుచుండిరి గనుక వంగీయులను మనము వేలెత్తి చూపనక్కరలేదు.

1874వ సంవత్సరమున గ్రేట్ నేషనల్ థియేటరున పది రూపాయల నెలజీతమునకు ఒక పేద బాలిక చేరెను. పండ్రెండేండ్లు దాటని ఆ బాలికయే వినోదినీ దాసి. భట్టనారాయణుని వేణీసంహారము ననుసరించి వ్రాసిన శత్రుసంహార నాటకమున ద్రౌపది చెలికత్తెగా రెండు మాటలు పలుకుట ఆమె తొలి వేషము. మరుసటి యేడు ఆ సమాజము ఢిల్లీ, లాహోరు, లక్నో నగరములకు సంచారము వెడలెను. లక్నోలో నీలదర్పణ ప్రదర్శనము జరిగిన రాత్రి ముఖ్యముగ చెప్పదగినది. నీలిమందు దొర ఒక రైతు యువతిని చెరపబోవుటయు, తోరాప్ అను రైతు వానిని పట్టి కొట్టుటయు రంగమున చూపినంతనే ప్రేక్షకులలోని తెల్లవారు కత్తులు దూసి వేదికపైకి దుమికిరి. నాటకము నిలిచిపోయెను. సరలత వేషమున నున్న వినోదినియు తోడివారును వణకుచు ఆ యూరు విడిచిరి. 1876వ సంవత్సరమున ప్రభుత్వమువారు నాటక ప్రదర్శనముల శాసనమును చేసి రంగస్థలము నోరు నొక్కిరి. స్వాతంత్ర్యము వచ్చి డెబ్బదేండ్లు గడచిన పిమ్మట, 2018లో గాని కేంద్రము ఆ శాసనమును రద్దు చేయలేదు!

అటుపై ఆమె బెంగాల్ థియేటరున చేరి బంకించంద్రుని నవలా నాయికలను ధరించెను. దుర్గేశనందినిలో ఆయేషా, తిలోత్తమ లిరువురును ఆమెయే. తరువాత గిరీశచంద్ర ఘోషు ఆమెకు గురువయ్యెను. సారా సిడన్స్ మొదలగు ఆంగ్ల నటీమణుల కథలను ఆయన వినిపించెడివాడు. ఆంగ్ల నాటకశాలలకు పంపి చూపించెడివాడు. మేఘనాదవధలో ఆమె ఏడు పాత్రలను ధరించెననిన ఆ శిక్షణ ఎట్టిదో తెలియగలదు.

గురుశిష్యులకు సొంత నాటకశాల కావలసివచ్చెను. గుర్ముఖ్ రాయ్ అను యువ వర్తకుడు ధనమిత్తుననెను. వినోదిని తనదై యుండవలెననుట అతని నియమము. నాటకశాల తలపు మానినచో ఏబదివేల రూపాయలు రొక్కముగ నిత్తుననికూడ చెప్పెను. ఆమె ధనమును కాదని నాటకశాలనే కోరెను. బీడన్ వీధిలో కట్టడము సాగుచుండగా కూలివారితోపాటు మట్టితట్టలు మోసెను. దానికి ఆమె పేరు తోచునట్లు బి థియేటరని నామకరణము చేయుదుమని తోడివారు చెప్పియుండిరి. రిజిస్ట్రేషను ముగిసిన తరువాతగాని అది స్టార్ థియేటరైనదని ఆమెకు తెలియలేదు. వేశ్య పేరున్నచో పెద్దమనుష్యులు రారని భయము కాబోలు! కొలదికాలమునకు గుర్ముఖుడు వైదొలగుచు ఆమెకు భాగమీయదలచెను. గిరీశుడు వలదని నచ్చజెప్పెను. పదునొకండువేల రూపాయలకు నలుగురు మగవారు యజమానులైరి. గిరీశుని ప్రతిభకు ఎంత నమస్కరించినను ఈ ఘట్టమును సమర్థింప మాకు శక్యము కాదు.

1884లో చైతన్యలీల. ఆమె గంగాస్నానము చేసి నిమాయి వేషమును ధరించెడిది. ఆ యేడు సెప్టెంబరు 21వ తేదీన శ్రీరామకృష్ణ పరమహంస వచ్చి చూచి, భావపరవశుడై ఆమెను ఆశీర్వదించెను. మరుసటి యేడు ఆయన వ్యాధిగ్రస్తుడై యుండగా, ద్వారమువద్ద తన్ను ఆపుదురని యెరిగి, వినోదిని దొరవలె కోటును టోపీని ధరించి లోనికి పోయి దర్శించుకొనెను. ఆమె ధరించిన పురుషవేషములలో నాకు మిక్కిలి నచ్చినది ఇదియే.

1886 తుదితో, ఎనుబదికి పైగా పాత్రలను పోషించి, ఇరువదినాలుగేండ్లయినను రాకమునుపే రంగమును విడిచెను. కూతురు శకుంతలను చదివింపదలచినను పాఠశాలలవారు చేర్చుకొనలేదు. 1904లో ఆ బిడ్డ మరణించెను. 1912లో ఆమె తన జీవితకథను ప్రకటించెను. గిరీశుడు పీఠిక వ్రాసియిచ్చెను గాని, జరిగిన సత్యములు అందు లేవని శిష్యురాలు దానిని త్రిప్పిపంపెను. మరల వ్రాయకమునుపే గురువు గతించెను. వినోదిని 1941 వరకు జీవించెను.

బీడన్ వీధి కట్టడమును విడిచి స్టార్ సమాజము 1888లోనే హాతీబాగానునకు తరలెను. 2024 డిసెంబరున పశ్చిమ వంగ ప్రభుత్వము ఆ హాతీబాగాను శాలకు వినోదిని పేరు పెట్టుదుమని ప్రకటించెను. ఆ వేదికపై ఆమె ఒక్క రాత్రియైనను ఆడియుండలేదు.