మంజీర నీళ్లకు దారి చూపిన మహనీయుడు: నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్

నిజామాబాద్ పట్టణానికి పది కిలోమీటర్ల దూరంలో ఉన్న అలీసాగర్ చూడనివారు మన సంఘ సభ్యులలో బహుశా ఎవరూ ఉండరు. సెలవు రోజున పిల్లాజెల్లాతో సద్ది కట్టుకుని పోయి, ఆ తోటలో చెట్ల కింద కూర్చుని, జింకలను చూసి, సాయంత్రానికి ఇల్లు చేరినవాళ్లమే అందరమూ. అయితే అలీసాగర్ అనే పేరులోని అలీ ఎవరని మనుమడు అడిగితే వెంటనే జవాబు చెప్పగలిగిన వారు మాత్రం తక్కువ. ఆయనే నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ అని జిల్లా పెద్దలు చెబుతారు. నిజాం సాగర్ నిర్మాత. ఈ జిల్లాలో మూడు తరాల వారి కంచంలో అన్నం పెట్టిన ఇంజనీరు. ప్రత్యేక సంచికలో వారి జీవితాన్ని స్మరించుకోవడం మన ధర్మం.

వారి అసలు పేరు మీర్ అహ్మద్ అలీ. 1877 జూలై 11న హైదరాబాద్‌లో జన్మించారు. మదరసా ఎ ఆలియాలోనూ, నిజాం కళాశాలలోనూ చదువుకున్నారు. తెలివైన విద్యార్థి కావడంతో ప్రభుత్వ విద్యార్థి వేతనం లభించి, 1896లో ఇంగ్లండు వెళ్లి కూపర్స్ హిల్‌లోని రాయల్ ఇండియన్ ఇంజనీరింగ్ కళాశాలలో చేరారు. మన దేశంలో రోడ్లు, కాలువలు, ఆనకట్టలు కట్టే ఇంజనీర్లను తయారుచేయడానికి స్థాపించిన కళాశాల అది. చదువు ముగించుకుని 1899లో స్వదేశానికి తిరిగివచ్చి నిజాం ప్రభుత్వ ప్రజా పనుల శాఖలో అసిస్టెంట్ ఇంజనీరుగా ఉద్యోగంలో చేరారు. అప్పటికి వారి వయస్సు ఇరవై రెండేళ్లు. ఆ కింది మెట్టు నుండి ఒక్కొక్క మెట్టే ఎక్కి ప్రధాన ఇంజనీరు, శాఖా కార్యదర్శి స్థాయికి చేరుకున్నారు.

వారు ఉద్యోగంలో చేరిన కొద్ది ఏళ్లకే రాష్ట్రాన్ని కుదిపివేసిన విపత్తు ఒకటి సంభవించింది. 1908 సెప్టెంబర్ 28న మూసీ నది పొంగి హైదరాబాద్ నగరంలో వేలాది ప్రాణాలను బలిగొన్నది. మరుసటి ఏడు మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించి సలహా తీసుకున్నారు. ఆ సలహా ఫలితంగా 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. ముంచే నీటిని ఆపి నిలిపితే అదే నీరు దాహం తీరుస్తుందని ప్రజలు కళ్లారా చూశారు. పెద్ద జలాశయాలు కట్టే ధైర్యం హైదరాబాద్ రాష్ట్రానికి వచ్చింది ఈ రోజులలోనే. ఖమ్మం ప్రాంతంలోని పాలేరు, వైరా జలాశయాలు కూడా అలీ నవాజ్ జంగ్ గారి హయాంలో రూపుదిద్దుకున్నవే.

ఇక మన మంజీర సంగతి. మహారాష్ట్రలోని బాలాఘాట్ కొండలలో పుట్టి, లాతూరు, బీదరు, మెదకు ప్రాంతాల మీదుగా ఏడు వందల పైచిలుకు కిలోమీటర్లు ప్రవహించి, కందకుర్తి దగ్గర గోదావరిలో కలిసే నది ఇది. వానాకాలంలో ఒడ్డులు దాటి పారి, ఎండాకాలం వచ్చేసరికి ఇసుక తేలేది. ఒడ్డున పొలం ఉన్న రైతు కూడా చెరువు మీదనో, మోట బావి మీదనో ఆధారపడవలసిందే. ఈ నదికి అచ్చంపేట, బంజేపల్లి గ్రామాల మధ్య అడ్డుకట్ట వేయాలన్న పథకాన్ని అలీ నవాజ్ జంగ్ గారు చేపట్టారు. 1923లో పని ప్రారంభమై 1931లో పూర్తయింది. మూడు కిలోమీటర్ల పొడవున రాతి కట్టడం, దానిపై పద్నాలుగు అడుగుల వెడల్పున బాట. ఇప్పటి యంత్రాలు లేని రోజులలో, బండ కొట్టే చేతులతో, తట్టలు మోసే తలలతో ఎనిమిదేళ్లలో లేచిన కట్ట అది.

ఆ జలాశయంలో నిలువ ఉండగల నీరు మొదట 29.72 టీఎంసీలు. సాగులోకి తేదలచిన భూమి 2 లక్షల 75 వేల ఎకరాలు. జలాశయం నుండి ప్రధాన కాలువను సుమారు 155 కిలోమీటర్ల దూరం తీసుకుపోయారు. అంత పొడవైన కాలువలో తల వద్ద తూము ఎత్తితే చివరి రైతుకు నీరందడానికి రోజులు పడుతుంది. అందుకని నడుమ నీటిని నిలిపి, అవసరాన్ని బట్టి కిందికి వదిలే చిన్న జలాశయాలు కావలసి వచ్చాయి. 1931లో సిద్ధమైన అలీసాగర్ అటువంటిదే. మనకు విహార స్థలంగా కనిపించే ఆ చెరువు నిజానికి చివరి ఆయకట్టు రైతు కోసం కట్టిన నీళ్ల కొట్టం.

మంచితో పాటు కష్టమూ చెప్పుకోవాలి. జలాశయం కింద ఊళ్లకు ఊళ్లు మునిగాయి. తాతల నాటి ఇళ్లు, గుడులు, సమాధులు వదిలి జనం కదిలి వెళ్లారు. కాలువ వచ్చాక కూడా, మెట్ట పంటలకు అలవాటుపడిన రైతుకు తరి సాగు పెట్టుబడి, మెళకువ వెంటనే అందలేదు. గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాల నుండి రైతు కుటుంబాలు తరలివచ్చి భూములు కొని సాగు చేశాయి. బోధన్, వర్ని, కోటగిరి ప్రాంతాలలో క్యాంపు అని ముగిసే ఊరిపేర్లన్నీ ఆ వలస గుర్తులే. ముందు ఎడమొహం పెడమొహంగా ఉన్నవారే ఒకే కాలువ నీరు పంచుకుంటూ కాలక్రమేణా ఇరుగుపొరుగు అయ్యారు. నీటికి మనుషులను విడదీసే గుణమూ ఉన్నది, కలిపే గుణమూ ఉన్నది.

చెరకు పది పన్నెండు నెలలు పొలంలో నిలిచే పంట. ఏడాది పొడుగునా నీరు లేనిదే చెరకు లేదు, చెరకు లేనిదే ఫ్యాక్టరీ లేదు. నిజాం సాగర్ నీరు పారిన ఆరేళ్లకు, 1937లో, బోధన్ శక్కర్ నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ స్థాపన జరిగింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదిగా పేరుపొందిన ఆ ఫ్యాక్టరీ సైరన్‌తో బోధన్‌లో పొద్దు పొడిచేది, పొద్దు కుంకేది. గానుగ రోజులలో ఊరంతా బెల్లపు వాసన. 2002లో అది ఉమ్మడి యాజమాన్యంలోకి మారింది. 2015 డిసెంబర్‌లో మూతపడింది. ఫ్యాక్టరీ చరిత్ర వేరే వ్యాసానికి తగినది. ఇక్కడ చెప్పదలచినది ఒక్కటే. నీరు ఆ పరిశ్రమకు మొదటి పెట్టుబడి. ఆ పెట్టుబడి పెట్టిన చేతులు అలీ నవాజ్ జంగ్ గారివి.

వారి కీర్తి రాష్ట్రం ఎల్లలు దాటింది. 1929లో బొంబాయి ప్రభుత్వం సింధు నదిపై కడుతున్న సుక్కూరు బ్యారేజీని పరిశీలించడానికి విశ్వేశ్వరయ్య గారితో పాటు వీరిని నియమించింది. తుంగభద్ర జలాల పంపిణీపై మద్రాసు, హైదరాబాద్ ప్రభుత్వాల మధ్య ఏళ్ల తరబడి సాగిన చర్చలలో హైదరాబాద్ పక్షాన లెక్కలు కట్టి వాదించిన వారిలో వీరు ముఖ్యులు. 1944లో ఒప్పందం కుదిరి, 1945 ఫిబ్రవరిలో ఆ ప్రాజెక్టుకు పునాది రాయి పడింది. 1938లో కాంగ్రెసు ఏర్పాటు చేసిన జాతీయ ప్రణాళికా సంఘంలో, జవహర్‌లాల్ నెహ్రూ గారి అధ్యక్షతన, నీటిపారుదల ఉపసంఘానికి వీరే అధ్యక్షులు. అప్పటికి వారు అరవై దాటారు. విశ్రాంత జీవులమైన మనం ఈ సంగతి మనస్సున పెట్టుకోదగినది. 1949 డిసెంబర్ 6న వారు కన్నుమూశారు.

నిర్మాత వెళ్లిపోయాడు, కట్ట మిగిలింది. కట్ట వెనుక నీరు మాత్రం ఏటేటా తగ్గుతూ వచ్చింది. పారే నీటికి మట్టిని మోసే శక్తి ఉంటుంది. జలాశయంలోకి వచ్చి నిలబడగానే ఆ శక్తి పోయి, ముందు ఇసుక, తరువాత సన్నని ఒండ్రు అడుగున దిగుతుంది. ఎగువన చెట్టూ గడ్డీ పోయి, వాలు నేలలు దున్నబడిన కొద్దీ ఈ మట్టి ఎక్కువవుతుంది. కట్టిన నలభై ఏళ్లకే నిజాం సాగర్ నిలువ శక్తిలో సగానికి మించి పూడికకు పోయింది. తరువాత నీటిమట్టం పెంచినా, చేరిన సామర్థ్యం 17.8 టీఎంసీలే. 1980ల చివర ఎగువన సింగూరు జలాశయం రావడంతో మంజీర నీటిలో హైదరాబాద్ తాగునీటికి పెద్ద వాటా పోయింది. చివరి ఆయకట్టు ఎండిపోతుంటే, కోస్లీ వద్ద గోదావరి నుండి నీరు ఎత్తి అలీసాగర్‌కు చేర్చే పథకం పెట్టవలసి వచ్చింది. తూము ఎత్తితే దానంతట అది పారి వచ్చిన నీటికి ఇప్పుడు కరెంటు మోటార్లు కావాలి.

ఇందులో నిర్మాత లోపం లేదు. కట్ట కట్టడం ఒక తరం పని, కాపాడడం అన్ని తరాల పని. మన పాత వారికి ఈ జ్ఞానం ఉండేది. ఊరి చెరువులు ఒకదాని అలుగు మరొకదానిలోకి పారే గొలుసుకట్టుగా ఉండేవి. పై చెరువు మట్టిని పట్టి ఆపితే కింది చెరువుకు తేట నీరు వచ్చేది. ఎండాకాలంలో రైతులు ఆ ఒండ్రును బండ్లకెత్తి పొలాలకు తోలుకునేవారు. చెరువూ లోతయ్యేది, పొలమూ బలిసేది. కట్ట మరమ్మతు చూసుకునే వారికి శిస్తులో కొంత వదిలిపెట్టే దస్తబంద్ పద్ధతి నిజాం రాజ్యంలో అమలులో ఉండేది. సర్కారు, ఊరు చెరొక చేయి వేసిన ఏర్పాటు అది. 2015 మార్చిలో మిషన్ కాకతీయ మన సదాశివనగర్‌లోనే మొదలైనప్పుడు, పూడిక తీయడం ప్రభుత్వం, తోలుకోవడం రైతు అన్న పాత సూత్రమే మళ్లీ అమలుకు వచ్చింది.

నీటిని నమ్ముకున్నది మనిషి ఒక్కడే కాదు. 1916 నుండి 1922 వరకు ఆలేరు వాగుపై కట్టిన పోచారం చెరువు చుట్టూ ఉన్న అడవిని 1952లో అభయారణ్యంగా ప్రకటించారు. అక్కడ దుప్పులూ, చుక్కల జింకలూ ఆ చెరువు నీరే తాగి బ్రతుకుతున్నాయి. మంజీర మీద సంగారెడ్డి దగ్గర 1978లో ఏర్పడిన అభయారణ్యంలో మొసళ్లు ఉన్నాయి. చలికాలంలో దూరదేశాల పక్షులు దిగుతాయి. అడవి నిలిచిన చోట మట్టి నిలుస్తుంది, మట్టి నిలిచిన చోట నీరు నిలుస్తుంది. కనుక జింకను కాపాడడం కూడా బోధన్ రైతు మడి కాపాడడమే.

1997లో వచ్చిన చట్టం కాలువల నిర్వహణను రైతులు ఎన్నుకున్న నీటి సంఘాలకు అప్పగించింది. చట్టం మంచిదే. కాని ఏ తూము ఎన్ని అంగుళాలు ఎత్తితే ఏ ఊరికి ఎంత పారుతుందో కాగితం మీద దొరకదు. అది లష్కరు చేతిలో, నీరటి కాలి కింద, తైబందీ లెక్కలు వ్రాసిన గుమాస్తా జ్ఞాపకంలో ఉంటుంది. వారిలో చాలామంది ఇప్పుడు మనలాగే పెన్షన్ బల్ల ముందు నిలబడేవారు. వారు పోతే ఆ విద్య పోతుంది. పూడిక పట్టేది జలాశయాలకే కాదు, జ్ఞాపకాలకు కూడా.

తెలంగాణ ప్రభుత్వం 2014 నుండి జూలై 11ను ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుతున్నది. ఆ రోజున మనమూ ఒక పూలదండ వేద్దాం. దానితో పాటు, ప్రతి సభ్యుడూ తన ఊరి చెరువుకు నీరు వచ్చే వాగు ఏది, దాన్ని ఎక్కడ ఎవరు పూడ్చారు, ఏ డిస్ట్రిబ్యూటరీ ఎక్కడ తెగుతుంది అన్న వివరాలు ఒక నోటుబుక్కులో వ్రాసి, తన ఊరి నీటి సంఘం కుర్రవానికి అప్పగిస్తే చాలు. తాతయ్యలు వ్రాసిన ఆ నోటుబుక్కు ఏ ఇంజనీరు నక్షాకూ తీసిపోదు.

అలీసాగర్ కట్ట మీద ఈసారి మనుమడు ఆ పేరు ఎవరిదని అడిగితే, వారి కథ చెప్పండి. చెప్పి, ఈ నీరు మీ కాలానికి కూడా ఉండాలంటే మీరేం చేయాలో కూడా చెప్పండి. నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ గారికి మనం అర్పించగల నివాళి అదే.